పంచదారా, షుగరూ

మా ఇంట్లో పంచదార డబ్బా ఒక్కటే. దాని మీద చెయ్యి వేసేవాళ్లం మాత్రం నలుగురం. మా అమ్మకు 73 ఏళ్లు. చువ్వలా సన్నగా, చురుగ్గా వుంటుంది. నాకు 46. క్లాసులో బల్లకూ, నల్లబల్లకూ మధ్యనున్న సందులోంచి నేను పక్కకు తిరిగి దూరవలసి వస్తున్నదంటే నా ఆకారం మీరే వూహించుకోవచ్చు. మూడోవాడు మా మేనల్లుడు. 19 ఏళ్లవాడు, ఇంజనీరింగు చదువుకోసం రెండేళ్లుగా మా దగ్గరే వుంటున్నాడు. వచ్చినప్పుడు 52 కిలోలు. కండలు పెంచితేగాని వూరుకోనని కంకణం కట్టుకొన్నాడు. ఇక నాలుగో వ్యక్తి మా శ్రీమతి. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. ఎవరు ఏం తిన్నా అది వొంట్లో ఏ సందులోంచి ఏ గదిలోకి పోతుందో ఆవిడకు తెలుసు. అంచేత డబ్బా మీద సర్వాధికారాలూ ఆవిడవే.

వాడు బరువు పెరగాలి. నేను తగ్గాలి. మా అమ్మ వున్నంతలో నిలవాలి. చెంచా మాత్రం అందరికీ ఒక్కటే. ఇదీ మా ఇంటి సమస్య.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ని గనుక ముందు మాట సంగతి చెప్పి, తరవాత పదార్థం దగ్గరికి వస్తాను. సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి, ఇసకపలుకు అని కూడా అర్థం. చెరకురసాన్ని కాచి పలుకులు కట్టించడం మనవాళ్లు నేర్చాక, ఆ పలుకులకూ అదే పేరు నిలిచింది. ఆ మాట పారశీకుల నోట షకర్ అయింది, అరబ్బుల నోట సుక్కర్ అయింది, యూరోపు ఖండం తిరిగి ఇంగ్లీషువాడి నోట షుగర్ అయింది. తెలంగాణా వాళ్లు చక్కెర అంటూ పాత చుట్టరికం నిలుపుకొన్నారు. మా గోదావరి వాళ్లం పంచదార అంటాం. అంతటితో వూరుకొన్నామా? వూళ్లు తిరిగి వచ్చిన ఆ షుగర్‌ను కూడా ఇంట్లోకి రానిచ్చి, దానికి వేరే గది ఇచ్చాం. పక్కింటావిడ వచ్చి “పంచదార వుందా, వదినగారూ?” అంటే గిన్నె అందిస్తాం. “షుగర్ వుందా?” అంటే మందుబిళ్లల పెట్టె చూపిస్తాం. వస్తువు ఒకటే. పంచదార అన్నప్పుడు శుభం, షుగర్ అన్నప్పుడు జబ్బు. ఈ పంపకం వల్ల మనకు పెద్ద సదుపాయం దొరికింది. పంచదార తింటున్నంతసేపూ షుగర్ గుర్తుకు రాదు!

మా నాన్నగారికి షుగర్ వుండేది. ఆయన లావుపాటి మనిషి కారు. పంచెకట్టుతో నడిచి వెళుతూంటే వెదురుకర్ర నడిచినట్టుండేది. పొట్ట మాత్రం కాస్త ముందుకు వుండేది. ఇంత సన్నటి మనిషికి ఈ జబ్బేమిటని వూళ్లో అందరూ ఆశ్చర్యపడేవాళ్లు. 2009లో కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆ తరవాత మూత్రపిండాల వంతు వచ్చింది. 2014లో ఆయన పోయేనాటికి 68 ఏళ్లు. మా అక్కయ్య, అంటే ఈ మేనల్లుడి తల్లి, 44వ ఏటి నుంచి బిళ్లలు మింగుతున్నది. అంచేత మా ఇంట్లో పంచదార లెక్క అంటే వొట్టి నడుముకొలత లెక్క కాదు.

పోయిన ఏడాది శ్రావణమాసంలో నాకూ నెత్తురు పరీక్ష చేశారు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష అది. 6.2 వచ్చింది. 5.7 కంటె తక్కువైతే నిశ్చింత. 6.5 తాకితే జబ్బు. ఈ రెంటి మధ్యా వేలాడేవాడు త్రిశంకు. ఈ స్వర్గంలో నేను ఒంటరివాణ్ని కాను లెండి. 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలనలో మధుమేహం వున్నవాళ్లు 10.1 కోట్లనీ, నాలాగా గుమ్మంలో నిలబడ్డవాళ్లు 13.6 కోట్లనీ లెక్క తేల్చారు. డాక్టరుగారు నన్ను ఎగాదిగా చూసి, “81 కిలోలున్నారు. ఆరు కిలోలు తగ్గండి. వారానికి 150 నిమిషాలు వొళ్లు వంచండి” అన్నారు. ఇది ఆయన సొంత కవిత్వం కాదు. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి వున్నది. వొంటి బరువులో ఏడు శాతం తగ్గాలనీ, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చెయ్యాలనీ నియమం పెట్టుకొన్నవాళ్లలో, మధుమేహంలోకి జారిపడడం 58 శాతం తగ్గింది. 

ఆ రాత్రే మా శ్రీమతి వంటింటి త్రాసు తీసింది. మా చెంచాతో పంచదార చదునుగా తీస్తే 5 గ్రాములు, నా చేతివాటాన తీస్తే 7 గ్రాములు. ఇంట్లో రెండు కాఫీలు, కాఫీకి రెండేసి చెంచాలు: 28. కాలేజీలో టీ కుర్రాడు తెచ్చే గ్లాసులు మూడు. అతను పంచదార ముందే వేసి మరిగించి తెస్తాడు గనుక గ్లాసుకు 8కి తక్కువ వుండదని ఆవిడ తీర్పు. అదొక 24. సాయంత్రం బిస్కట్లు నాలుగు. వాటిలో ఓ 6. వెరసి 58 గ్రాములు. స్వీటు ముక్కయినా ముట్టని రోజున ఇది నా లెక్క! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి విడి చక్కెర 50 గ్రాములు మించకూడదు. 25కు దించుకొంటే ఇంకా మంచిది. విడి చక్కెర అంటే మనం కలుపుకొనేదీ, తయారుచేసేవాడు కలిపేదీ, తేనే, పళ్లరసమూను. పండు పండుగా తింటే, పాలు పాలుగా తాగితే వాటిలో వున్న తీపి ఈ లెక్కలోకి రాదు.

గ్రాముకు 4 కేలరీల చొప్పున నా 58 గ్రాములకూ 232 కేలరీలు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు ఖర్చు కావాలి. అంటే పంచదార పూర్తిగా మానేస్తే కాగితం మీద నెలకు 900 గ్రాములు తగ్గాలి. ఏడాది తిరిగేసరికి నేనే వుండకూడదేమో అన్నాను. శరీరం కాగితం కాదనీ, తిండి తగ్గితే అది తన ఖర్చూ తగ్గించుకొని ఆకలి పెంచుతుందనీ, వేళాకోళం కట్టిపెట్టమనీ ఆవిడ అన్నది.

మా అమ్మ మధ్యే మార్గం చెప్పింది. “పంచదారతో వచ్చిన ముప్పుకు బెల్లం వుండనే వుంది గదా. బెల్లం వేడి చేస్తుందేమోగాని చెడు చెయ్యదు.” అనకాపల్లి బెల్లం మీద ఆమెకున్న భక్తి అంతా ఇంతా కాదు. బెల్లంలో లవణాలు కొద్దిగా వుంటాయి, రుచి సంగతి చెప్పనే అక్కరలేదు. కాని దానిలో కూడా అధికభాగం చక్కెరే. 100 గ్రాముల పంచదారకు 400 కేలరీలైతే బెల్లానికి 380. నెత్తురులోకి దిగాక ఎర్రచక్కెర ఏదో, తెల్లచక్కెర ఏదో క్లోమానికి తెలియదు. ఈ మాట చెబితే, “మీ నాన్నగారు బతికినన్నాళ్లూ నేను బెల్లం కాఫీయే ఇచ్చాను” అన్నది మా అమ్మ. ఆ తరవాత ఇంట్లో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఇంట్లో మానడం తేలికే. వూళ్లో మానడమే బ్రహ్మప్రళయం. మాది రాజమండ్రి. గోదావరి దాటితే ఆత్రేయపురం పూతరేకులు, ఇటు వస్తే తాపేశ్వరం కాజా, ఇంకొంచెం పోతే కాకినాడ కాజా. పరీక్ష పాసైన కుర్రవాడు స్వీటు పొట్లంతో వస్తాడు. తప్పినవాడు ఈసారైనా దీవించమని అరటిపళ్లతో వస్తాడు. తప్పినవాడే నాకు మేలు చేసినవాడు! పెళ్లివారు “నోరు తీపి చేసుకోండి” అంటారు. మన మర్యాదలో తీపి వద్దనే హక్కు ఒక్క రోగికి మాత్రమే వున్నది. “వద్దండీ” అనగానే “షుగరా?” అని అడుగుతారు. “అవును” అంటే వెంటనే జాలిపడి, కారప్పూస పెడతారు. “లేదండీ, రాకుండా చూసుకొంటున్నాను” అన్నామో, “రానప్పుడు తినడానికేం?” అంటారు. అంటే రోగం వచ్చినవాడికి విస్తట్లో మర్యాద వుంది. రాకుండా జాగ్రత్తపడేవాడికి లేదు. తోటి లెక్చరరు ఒకాయన దీనికి ఉపాయం కనిపెట్టాడు: ఎవరడిగినా “మొక్కుకొన్నానండీ, కార్తీకం దాకా తీపి ముట్టను” అంటాడు. దేవుడి పేరు చెప్పేసరికి అందరూ చేతులెత్తి నమస్కరిస్తారు. నాకు అంత ధైర్యం లేదు. పూతరేకులో సగం తుంచి, మిగతాది పక్కవాళ్ల పిల్లవాడి చేతిలో పెడుతున్నాను.

ఇక మేనల్లుడి వైపు చూద్దాం. వాడి జిమ్ములో వ్యాయామం నేర్పే యువకుడు, ముందు బల్కింగ్ చెయ్యాలి, తరవాత కటింగ్ చెయ్యాలి అని శాస్త్రం చెప్పాడట. బల్కింగంటే ఎడాపెడా తిని బరువు పెంచడం. కటింగంటే కొవ్వు తీసేసి కండ తేలేటట్టు చెయ్యడం. మా అమ్మకు తెలిసిన కటింగు ఒక్కటే. “మంగళవారం పూట కటింగేమిట్రా!” అని కేకలేసింది.

బల్కింగు కోసం వాడు పెద్ద డబ్బా ఒకటి తెచ్చాడు. మూతమీద కొండంత కండలవాడి బొమ్మ. మా శాస్త్రంలో మూలం కంటె వ్యాఖ్యానమే ముఖ్యం గనుక నేను డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివాను. నూటికి 15 గ్రాములు మాంసకృత్తులు, 78 గ్రాములు పిండిపదార్థం. అందులో షుగర్ 12 అని రాసి, మిగతాదానికి మాల్టోడెక్స్‌ట్రిన్ అని పేరు పెట్టారు. “ఇదేమిటే?” అని శ్రీమతిని అడిగాను. పిండిని విరగ్గొట్టి చేసిన పొడి అది. నాలిక్కి పెద్ద తీపి తగలదుగాని, కడుపులో పడగానే గ్లూకోజుగా విడిపోతుంది. పట్టీలో మాత్రం షుగర్ కింద లెక్కకు రాదు. విరాటరాజు వంటింట్లో భీముడు వలలుడనే పేరుతో వున్నాడు కదండీ, అదే పద్ధతి. ఈ కుర్రవాడు కండకోసం తెచ్చుకొన్న డబ్బాలో ముప్పాతికకు పైగా చక్కెరా, దాని బంధువర్గమూను.

మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వున్నది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థవారు 2024లో భారతీయుల ఆహారానికి మార్గదర్శకాలు వెలువరించి, వొళ్లు పెంచడానికి ఇటువంటి మాంసకృత్తుల పొడులు వాడవద్దని చెప్పారు. ఈ పొడుల్లో చక్కెరలు, ఇతర తీపి రసాయనాలు కలిసి వుండవచ్చునని కూడా హెచ్చరించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, పాలల్లో కలుపుకొనే తీపిపొడులను “హెల్త్ డ్రింకు” అనే శీర్షిక కింద అమ్మవద్దని ఇంటర్నెట్ దుకాణాలకు సూచన పంపింది. నా చిన్నతనంలో ఆ పొడి కలిపిన పాలు తాగితేగాని లెక్కలు రావని మా ఇంట్లో నమ్మకం. తాగాను. లెక్కలు రాలేదు, తెలుగు వచ్చింది.

మరి కండకు కావలసిందేమిటి? మా శ్రీమతి లెక్క ఇది. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాము మాంసకృత్తులు చాలు. బరువులెత్తి కండ పెంచేవాడికి 1.6 గ్రాముల దాకా పనికివస్తాయి. అంతకుమించి పోసినా పెద్దగా కలిసొచ్చేది లేదు. అప్పటికి వాడు 56 కిలోలకు వచ్చాడు. అంటే రోజుకు 90. రెండు గుడ్లకు 12, అరలీటరు పాలకు 16, గుప్పెడున్నర పల్లీలకు 12. ఆపైన పప్పు, శనగలు, పెరుగు. అన్నంలోనూ కొంత వుంటుంది. గుడ్డు తినని ఇళ్లవాళ్లు కంగారుపడనక్కరలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు గుండెలకు చుట్టిన ఇనుపగొలుసులు వూపిరిబిగించి తెంచిన మహాబలుడు, ఆయన శాకాహారి. ఆయన కాలంలో తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవాళ్లెవరూ డబ్బా మూతలు విప్పి ఎరగరు.

“అయితే అత్తయ్యా, కండకు చక్కెర అక్కర్లేదా?” అని వాడు అడిగాడు.

అక్కడే మా శ్రీమతి కాళ్లు మడిచి కూర్చుని అసలు పాఠం చెప్పింది. కండరం ఒక గిడ్డంగి అట. మనం తిన్న అన్నంగాని, అరటిపండుగాని, పంచదారగాని గ్లూకోజుగా మారి నెత్తురులోకి వస్తే, దాన్ని గ్లైకోజన్ అనే రూపంలో కండరం దాచుకొంటుంది. మనిషి కండరాలన్నింటిలో కలిసి 300 నుంచి 500 గ్రాముల వరకూ పడుతుంది. కాలేయంలో ఇంకో 100. బరువులెత్తినప్పుడు, పరుగెత్తినప్పుడు ఆ సరుకు ఖర్చవుతుంది. గిడ్డంగి ఖాళీ అయితే తలుపులు తెరుచుకొంటాయి. కష్టపడుతున్న కండరం ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టేదాకా కూడా ఆగదు, తనంతట తనే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. వ్యాయామం ముగిశాక కూడా ఒక రోజు పైచిలుకు ఆ తలుపులు వారగా తెరిచే వుంటాయి. గిడ్డంగి చిన్నదై, అదీ నిండివుండి, యజమాని పడకకుర్చీలో పడుకొని వుంటే, వచ్చిన చక్కెర నెత్తురులోనే తచ్చాడుతుంది. కొంత కొవ్వుగా మారి పొట్టలో, కాలేయంలో చేరుతుంది.

“వాడు గంటసేపు బరువులెత్తి వచ్చి అరటిపండు తింటే అది గిడ్డంగికి పోతుంది. మీరు పడకకుర్చీలో వారపత్రిక చదువుతూ తింటే ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి” అని నా పొట్టవైపు చూసింది.

ఆ లెక్కన గిడ్డంగి నింపడానికి పంచదారే కానక్కరలేదు. అన్నం, చిలగడదుంప, పండు ఆ పని చక్కగా చేస్తాయి. గంటన్నర పైబడి ఆగకుండా పరుగెత్తేవాడికో, ఉదయం ఆడి మళ్లీ మధ్యాహ్నం ఆడవలసిన ఆటగాడికో త్వరగా అందే చక్కెరతో ప్రయోజనం వుంది. జిమ్ములో ముప్పావుగంట బరువులెత్తి, ఇంటికి వచ్చి భోజనం చేసే మా వాడికి తొందరేమీ లేదు. జిమ్ము గుమ్మం పక్కన అమ్మే రంగునీళ్ల సీసా 300 మిల్లీలీటర్లలో 30 గ్రాముల పైచిలుకు చక్కెర వుంటుంది. అది తాగి వచ్చేవాడు ఎత్తిన బరువులో చాలాభాగం అక్కడే దించి వచ్చినట్టు.

డబ్బా అటక ఎక్కింది. వాడు పప్పూ అన్నమూ తిని, బరువులెత్తి, 61 కిలోలకు వచ్చాడు. మా అమ్మ మినపసున్నుండలు చేసిపెట్టేది. అంతా బాగున్నదనుకొంటూ వుండగా సంక్రాంతి వెళ్లగానే ఆ కటింగ్ మొదలైంది.

ఈసారి వాడు పంచదార ఒక్కటే మానలేదు. అన్నం మానేశాడు. పండు మానేశాడు. పాలల్లో తీపి వుంటుందని పాలు మానేశాడు. మొదటివారంలో రెండున్నర కిలోలు తగ్గి సంబరపడ్డాడు. గ్లైకోజన్ ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల నీళ్లు నిలవుంటాయనీ, గిడ్డంగి ఖాళీ అయితే ఆ నీళ్లు పోతాయనీ, తగ్గినదాంట్లో కొవ్వు తక్కువేననీ శ్రీమతి చెబితే విననే లేదు. మూడోవారానికి వాడి ముఖం పీక్కుపోయింది. ఎవరితోనూ మాట్లాడడు. మా అమ్మ కంచం దగ్గర కూర్చుని, “వాడు నా చేతి ముద్ద తిని ఇరవై రోజులైంది” అని కళ్లు వొత్తుకొనేది. ఒకనాటి రాత్రి జిమ్ము నుంచి వచ్చినవాడు మేడమీదికి రాకుండా మెట్లమీదే కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. కళ్లు తిరిగాయన్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

“ఎందుకురా ఇంత కఠినంగా? కాలేజీలో ఆ ఫోటోల కోసమా?”

వాడు చాలాసేపు నేల చూస్తూ వూరుకొన్నాడు. తరవాత, “ఫోటో ఏముంది మామయ్యా... తాతయ్య కాలికి కట్టు విప్పుతుంటే చిన్నప్పుడు ఒకసారి చూశాను. అమ్మకు వచ్చింది. నీకు వస్తోంది. నాకు రాకూడదు. ఒక్క చెంచా కూడా వద్దు” అన్నాడు.

పంతొమ్మిదేళ్ల కుర్రవాడు కండలకోసం అద్దం ముందు నిలబడితే మనం నవ్వుతాం. వాడి అద్దంలో ఎవరు కనిపిస్తున్నారో మనకు తెలియదు గదా.

మా శ్రీమతి వాణ్ని మందలించలేదు. గ్లాసుడు మజ్జిగా, రెండు అరటిపళ్లూ తెచ్చి పక్కన పెట్టి, మెట్లమీదే కూర్చుని చెప్పింది. నీ భయం అబద్ధం కాదు, మందు మాత్రం తారుమారైంది, అని. 2004లో ఒక వైద్యపత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో పక్కపక్కన వేశారు. ఒకాయన పుణె డాక్టరు యాజ్ఞిక్, రెండో ఆయన లండన్ డాక్టరు యడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరికీ సరిగ్గా ఒకటే, 22.3. కాని వొంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, మనవాడికి 21.2 శాతం! మన దేశంలో సన్నగా కనిపించేవాళ్లలో కూడా కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ. మా నాన్నగారి వెదురుకర్ర శరీరం రహస్యం నాకు ఆ మెట్లమీద తెలిసింది.

“మీ తాతగారికి లేనిది నీకు వుంది, గిడ్డంగి. ఏడాది కష్టపడి కట్టుకొన్నావు. ఇప్పుడు పస్తులుండి నువ్వే దాన్ని కూలగొట్టుకొంటున్నావు” అన్నది ఆవిడ. తిండి మరీ తగ్గించి, బరువులెత్తడం కూడా మానేస్తే, తగ్గిన బరువులో నాలుగోవంతు దాకా కండే కరిగిపోవచ్చునట. కొవ్వు తగ్గాలన్నా మాంసకృత్తులు సరిగా తింటూ, కండతో పని చేయిస్తూ, మొత్తం తిండిలో కొంచెం కొంచెంగా కోత పెట్టవలసిందే. పంచదార ఆ కోతలో మొదట పోవలసిన వస్తువు, ఎందుకంటే దానితోపాటు పోయే పోషకం మరొకటి లేదు. అన్నం, పండు ఆ జాబితాలో దానితో సమానం కావు.

మజ్జిగ తాగాడు. పళ్లు తిన్నాడు. మర్నాడు అమ్మ పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. అప్పటినుంచి వాడి అన్నంలో ఎక్కువభాగం వ్యాయామం తరవాతి పూటకు మార్చారు. సున్నుండ మాత్రం పేచీ తెచ్చింది. మా శ్రీమతి తూచి చూసింది: రెండు సున్నుండల్లో మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు, బాగానే వుంది, బెల్లం 20 గ్రాముల పైమాటే, అంటే ఒక రోజు కోటా ఇంచుమించు చెల్లిపోయింది. బరువులెత్తిన రోజున వాడికి ఒకటి, ఎత్తని రోజున సున్నా అని ఒప్పందం కుదిరింది. మా అమ్మకు రోజూ ఒకటి; ఆమె తూకం తగ్గకూడదు గనుక. నాకు వారానికి ఒకటి, అదీ నడిచి వచ్చాక.

కాఫీ సంగతి చెప్పాలి. తీపి ఒక్కసారిగా మానేస్తే అది కాఫీ కాదు, కషాయం. రెండు వారాలకోసారి పావుచెంచా చొప్పున తగ్గించుకొంటూ వచ్చాను. నాలుక చిత్రమైనది, కొన్నాళ్లకు దానికీ అలవాటు తప్పింది. ఇప్పుడు చదును చెంచాలో ముప్పావు దగ్గర ఆగాను. అంతకంటె దిగను. కాఫీకి కూడా ఒక ప్రాణమంటూ వుండాలి గదా. పంచదారకు బదులు తీపిబిళ్లలు వేసుకోమని ఒక మిత్రుడు సలహా చెప్పాడు. బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇప్పటికే మధుమేహం వున్నవాళ్లకు ఆ మాట వర్తించదనీ చెప్పింది. అంచేత అక్కయ్య ఇంట్లో ఆ బిళ్లలున్నాయి, మా ఇంట్లో లేవు. టీ కుర్రాడు నాకోసం చిన్న కెటిల్‌లో తీపి లేని టీ విడిగా తెస్తున్నాడు. చూసి ఇంకో ఇద్దరు లెక్చరర్లు అందులో వాటా అడుగుతున్నారు.

నడక ఒక్కటే చాలదు, కాళ్లకు బరువు పడాలి అన్నది శ్రీమతి. వొంట్లో పెద్ద కండరాలు చాలావరకు నడుము కిందనే వున్నాయట. నేను జిమ్ముకు వెళ్లనన్నాను. అక్కడ నా శిష్యులుంటారు. ఆ సందర్భంలోనే సుశ్రుత సంహిత తిరగేశాను. ప్రమేహవ్యాధికి సుశ్రుతుడు రాసిన చికిత్స చదివితే కళ్లు తిరుగుతాయి. చేతిలో డబ్బులేని రోగి చెప్పులూ, గొడుగూ లేకుండా, భిక్ష తింటూ, వూరికొక రాత్రి చొప్పున మునిలాగా నూరు యోజనాలు నడవాలట. లేదా బావి తవ్వాలట. వేల ఏళ్లనాటి వైద్యుడు నడకతోపాటు బావి తవ్వమన్నాడంటే చూడండి. గడ్డపార ఎత్తి దించడానికీ, మా వాడు ఇనుపకడ్డీ ఎత్తి దించడానికీ కండరం దృష్టిలో తేడా ఏముంది?

మా పెరట్లో బావి తవ్వే చోటు లేదు. మేనల్లుడు వేరే దారి చూపించాడు. జిమ్ములో స్క్వాట్ అని ఒకటి వుందట. చేసి చూపించాడు. చూస్తే మన గుంజీళ్లు! చెవులు పట్టుకోకపోవడం ఒక్కటే తేడా. ఇరవై రెండేళ్లుగా విద్యార్థులకు పాఠాలు చెబుతున్న నేను, ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆరుగంటలకు వినాయకుడి పటం ముందు మూడు విడతలుగా 45 గుంజీళ్లు తీస్తున్నాను. మొన్న పరీక్షలో 5.8 వచ్చింది. బరువు 76. నడుము 98 సెంటీమీటర్ల నుంచి 92కు దిగింది. మనదేశపు మగవాళ్లకు 90 లోపు వుండాలి. ఇంకా త్రిశంకునే. కాని స్వర్గంవైపు కాక, నేలవైపు దిగుతున్న త్రిశంకుని. అక్కయ్య వేసవి సెలవులకు వచ్చి, కొడుకు చేత నేర్పించుకొని, కుర్చీ అంచు పట్టుకొని తానూ మొదలుపెట్టింది. మొదటిరోజున ఆరు తీసింది. వెళ్లేనాటికి ఇరవై.

లెక్కపెట్టే పని మా అమ్మది. పీటమీద కూర్చుని, జపమాల పక్కన పెట్టి, వేళ్లమీద పెడుతుంది. నా లెక్క పదకొండు దగ్గర వుండగా ఆమె తొమ్మిది అంటుంది. “అమ్మా, పదకొండు!” అంటే, “మోకాళ్లు పూర్తిగా వంగనివి నేను లెక్కపెట్టను” అంటుంది.